చూసుకునే మనిషికి తోడెవరు?

జహీరాబాద్ బస్టాండులో తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు కోసం నిలబడేవాళ్ళలో అన్ని రకాల మనుషులూ ఉంటారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు, కోర్టు వాయిదాలకు పోయేవాళ్ళు, కూతురి పురిటికి పోయేవాళ్ళు. ఒకరోజు అక్కడ యాభై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ ఇరవై ఏళ్ళు దాటిన కొడుకు చేయి గట్టిగా పట్టుకొని నిలబడి ఉంది. అతను తనలో తాను ఏదో మాట్లాడుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు దూరం జరిగారు. ఆ దూరం ఆమెకు కొత్తది కాదని ఆమె నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

"ఎర్రగడ్డకు పోతున్నం మేడం, నెలకొక్కపారి" అంది. "నాకు టికెట్ లేదు, ఆడోళ్ళకు ఫిరీ గద. వీనికి తీస్కోవాలె. రాత్రి వీడు పండడు. వీడు పండకుంటె నేను పండ."

"మీకు సాయం ఎవరున్నారక్కా?" అని అడిగాం.

"ఎవ్వలున్నరు? దవాఖాన్ల వాని సంగతి అడుగుతరు. నా సంగతి ఎవ్వలడుగుతరు?"

బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. ఆ ప్రశ్న మాత్రం మాతో ఉండిపోయింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు మహిళా సంఘాల సమావేశాల్లో కూర్చున్నప్పుడు, ఎవరింట్లోనైనా మానసిక అనారోగ్యం ఉన్న మనిషి ఉన్నారా అని అడగడం మొదలుపెట్టాం. మొదట ఎవరూ మాట్లాడరు. సమావేశం అయిపోయి చాపలు చుట్టేటప్పుడు ఒకరొకరే దగ్గరకొచ్చి మెల్లగా చెబుతారు. భర్త గురించి, చెల్లెలి గురించి, కాన్పు తర్వాత పిల్లను ముట్టని కోడలి గురించి, అప్పుల బాధతో రెండుసార్లు పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకున్న తండ్రి గురించి. అదనపు కట్నం గురించి, తాగుడు గురించి, కూలి రేట్ల గురించి అందరి ముందు గట్టిగా మాట్లాడగలిగిన స్త్రీలు ఈ ఒక్క విషయం దగ్గర గొంతు తగ్గిస్తున్నారు. ఈ సంచిక సంపాదకీయం ఆ తగ్గిన గొంతు గురించి.

మన దేశంలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళలో అత్యధికులు ఆస్పత్రుల్లో లేరు, ఇళ్ళలోనే ఉన్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వాళ్ళను వైద్యంలో భాగస్వాములను చేశారు. మనిషిని గోడల మధ్య ఒంటరిగా పడేయడం కంటే ఇది ఎంతో మేలని ఆ అనుభవం చూపించింది. అప్పటి నుంచి మన దేశంలో మానసిక వైద్యానికి కుటుంబమే పెద్ద బలమనే మాట స్థిరపడిపోయింది. అందులో నిజం లేకపోలేదు. కానీ కుటుంబం అంటే ఎవరు? మందు వేళకు వేసేది ఎవరు? రాత్రి తలుపు గడియ దగ్గర పడుకునేది ఎవరు? పొరుగింటివాళ్ళ మాటలు పడేది, ఆస్పత్రి లైనులో నిలబడేది, పని మానుకునేది ఎవరు? తల్లి, భార్య, పెళ్ళికాని అక్క, ఇంటి కోడలు. ప్రభుత్వం ఖర్చు పెట్టవలసిన చోట ఒక స్త్రీ తన నిద్రను ఖర్చు పెడుతోంది. దానికి మనం ప్రేమ అనీ, కర్మ అనీ, ఓపిక అనీ పేర్లు పెట్టుకున్నాం.

ఆమె ఇస్తున్నది నిద్ర ఒక్కటే కాదు. ఈ ప్రాంతంలో చెరుకు, అల్లం, ఆలుగడ్డ, కంది చేలల్లో కూలికి పోయే స్త్రీకి ఆస్పత్రి ప్రయాణం అంటే ఒకరోజు కూలి పోవడం. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు పోతే రెండు రోజుల కూలి. మనిషిని ఇంట్లో ఒంటరిగా వదలలేని రోజులు వస్తే అసలు కూలికే పోలేదు. అప్పు పెరుగుతుంది. కూతురి పెళ్ళి సంబంధం దగ్గర ఇంట్లో 'అట్లాంటి మనిషి' ఉన్నాడన్న మాట బయటికి రాకూడదని దాపరికం మొదలవుతుంది. దాపరికం వల్ల చుట్టాలు తగ్గిపోతారు, వచ్చేవాళ్ళు రావడం మానేస్తారు. రెండేళ్ళు గడిచేసరికి ఆ ఇంట్లో వైద్యం కావలసినవాళ్ళు ఇద్దరవుతారు. మొదటివాళ్ళకు చీటీ ఉంటుంది, రెండో మనిషికి అదీ ఉండదు.

ఈ స్త్రీలు మొదట గుడికో, దర్గాకో, తాయెత్తు కట్టేవాళ్ళ దగ్గరకో పోతారు. చదువుకున్న మనం దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టిపారేస్తాం. కాస్త ఆగి ఆలోచించాలి. రాత్రంతా కేకలు పెట్టే మనిషితో ఆమె ఎక్కడ కూర్చోగలదు? ఎవరూ కసురుకోని, పక్కకు జరగని చోటు ఆమెకు ఎన్ని ఉన్నాయి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ ఓదార్పు దొరికిన రోజున ఆమె అక్కడికీ వస్తుంది. అయితే మొక్కుబడి వేరు, సంకెళ్ళు వేరు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రయాల్లో ఒకదానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది లేచి పరుగెత్తలేక కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలింది కుటుంబాలే. ఆ కుటుంబాలకు దగ్గర్లో మరో దారి చూపించినవాళ్ళు లేకపోవడం కూడా ఆ మంటల్లో భాగమే.

దగ్గర్లో దారి గురించి మాట్లాడుకునేటప్పుడు జహీరాబాద్ స్త్రీలకు ఒక చరిత్ర తెలియాలి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మన దేశం 1982లో ప్రకటించింది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్‌హాన్స్ చేసిన ప్రయోగం ఆధారంగా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో మెదక్. జహీరాబాద్ అప్పుడు మెదక్ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. అంటే, దేశమంతటికీ నమూనాగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మనది ఒకటి. మానసిక వైద్యం పెద్ద ఊళ్ళ గోడలు దాటి రావాలనీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ నర్సుకూ శిక్షణ ఇవ్వాలనీ, మందులు దగ్గర్లోనే దొరకాలనీ దాని ఉద్దేశం. కేంద్రం డబ్బు ఐదేళ్ళకు, ఆ తర్వాత రాష్ట్రాలు మోయాలని లెక్క. ఇప్పుడు మా సమావేశాలకు వచ్చిన స్త్రీలలో ఆ కార్యక్రమం పేరు విన్నవాళ్ళు మాకు కనబడలేదు. మొదట మొదలైన చోటే జనానికి తెలియకుండా పోయిన కార్యక్రమం గురించి అధికారులను అడిగే హక్కు అందరికంటే ముందు మనకుంది.

2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది. వైద్యం అవసరమై కూడా అందనివాళ్ళు ఒక్కో జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 దాకా ఉన్నారని చెప్పింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ 12లో లేవు. మన లెక్కలు ఎవరూ తీయలేదు కాబట్టి మన సమస్య లేనట్టు కాదు.

ఇక చట్టం సంగతి. 1912 నాటి బ్రిటిష్ వాళ్ళ చట్టం పేరులోనే 'పిచ్చి' ఉంది. జబ్బు మనిషి నుంచి సమాజాన్ని కాపాడడం దాని ధ్యేయం. 1987లో వచ్చిన చట్టం ఎక్కువగా ఆస్పత్రిలో చేర్చుకోవడం, వదిలిపెట్టడం గురించే మాట్లాడింది. 2017లో చేసి, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మొదటిసారిగా వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అని రాసింది. దాని 18వ సెక్షన్‌ను ప్రతి మహిళా సంఘం చదివించుకొని వినాలి. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవలు అందరికీ దూరాభారం లేకుండా అందాలని అందులో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు, కార్డు లేకపోయినా, వైద్యం ఉచితమని ఉంది. అవసరమైన మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆస్పత్రులన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలని ఉంది. కనీస సేవలు జిల్లాలో లేకపోతే ఆ జిల్లాలోనే ఇంకోచోట వైద్యం పొందవచ్చనీ, ఖర్చు ప్రభుత్వమే భరించాలనీ ఉంది. బస్టాండులోని ఆ అక్కకు సంబంధించిన మాట కూడా అందులోనే ఉంది. జబ్బుపడిన మనిషి కుటుంబానికి తోడ్పడే సేవలు, ఇంటి దగ్గరే పునరావాసం, ఆస్పత్రికీ ఇంటికీ మధ్య కొంతకాలం ఉండగలిగే వసతి గృహాలు ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. అంటే ఆమెకు సాయం అందించడం చట్టం ప్రకారం ప్రభుత్వ బాధ్యత. ఆమె సాయం అడిగితే అది బిచ్చమడగడం కాదు.

ఇంతవరకూ చూసుకునే మనిషి వైపు నుంచి మాట్లాడాం. స్త్రీవాదులుగా ఇక్కడితో ఆగిపోలేం. జబ్బుపడింది స్త్రీ అయినప్పుడు కథ మారిపోతుంది.

భర్తకు జబ్బు చేస్తే భార్య చూసుకుంటుంది. భార్యకు జబ్బు చేస్తే చాలా ఇళ్ళలో ఆమెను పుట్టింట్లో దింపి వస్తారు. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు స్కిజోఫ్రీనియా ఉండి భర్తల నుంచి విడిపోయిన 76 మంది స్త్రీల గురించి 2003లో ప్రచురించిన అధ్యయనం దీన్నే చూపించింది. వాళ్ళలో ఎక్కువమందిని చూసుకుంటున్నది ముసలి తల్లిదండ్రులు. తమ తర్వాత బిడ్డ గతేమిటన్నది ఆ తల్లిదండ్రుల దిగులు. భర్తల నుంచి భరణం అందినవాళ్ళు చాలా తక్కువ. 'పిచ్చిది' అన్న మాట మన సమాజంలో స్త్రీల మీద ఎంత తేలిగ్గా పడుతుందో మనకు తెలుసు. ఎదురు చెప్పినా, ఆస్తిలో వాటా అడిగినా, రెండో పెళ్ళికి ఒప్పుకోకపోయినా అదే మాట. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. ఆ సెక్షన్ కింద భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని ఒక భర్త వేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయనకు విడాకులు నిరాకరించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. జబ్బు పేరు చూపించినంత మాత్రాన సరిపోదనీ, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందని రుజువు కావాలనీ, వైద్యంతో అదుపులో ఉండే జబ్బు విడాకులకు కారణం కాదనీ చెప్పింది. మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. 2017 చట్టం 19వ సెక్షన్ కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇంటివాళ్ళు వదిలేసిన మనిషికి న్యాయ సహాయంతో పాటు, కుటుంబపు ఇంట్లో ఉండే హక్కును వాడుకోవడానికి ప్రభుత్వం తోడ్పడాలని అది చెబుతోంది. వైద్యం పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 21వ సెక్షన్ చెబుతోంది.

ఈ రెండు వైపులనూ కలిపి చూసినప్పుడే అసలు చిక్కు తెలుస్తుంది. చూసుకునే స్త్రీ అలసిపోయింది, ఆమెకు విశ్రాంతి కావాలి. జబ్బుపడిన మనిషికి తన మాట వినేవాళ్ళు కావాలి. అలసిపోయిన తల్లి గది తలుపుకు తాళం వేస్తుంది. అన్నంలో తెలియకుండా మందు కలుపుతుంది. వాళ్ళ ముందే వాళ్ళ గురించి డాక్టరుతో వాళ్ళు లేనట్టే మాట్లాడుతుంది. ఆమెను దుర్మార్గురాలు అనడం అన్యాయం. అలాగని ఇది సరైనదేనని సమర్థించడం కూడా అన్యాయమే. రేపు అదే పని ఒక భర్త తన భార్యకు చేస్తే మనం ఊరుకుంటామా? 95వ సెక్షన్ మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టేయకూడదని నిషేధించింది. ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చినప్పుడు కూడా, మనిషి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, 89వ సెక్షన్ కింద ముప్పై రోజులకు మించకుండా, నామినేట్ చేసిన ప్రతినిధి దరఖాస్తు మీదనే చేర్చాలి. బాగున్న రోజుల్లోనే తనకు మళ్ళీ జబ్బు చేస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకునే హక్కు మనిషికి ఉంది. భర్త మీద నమ్మకం లేని స్త్రీ తన అక్కను గానీ, స్నేహితురాలిని గానీ ప్రతినిధిగా రాసుకోవచ్చు. ఇంట్లో పెద్ద గొడవైన రాత్రి ఈ సంగతులన్నీ తేలవు. నిమ్మళంగా ఉన్న రోజున ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. జబ్బుపడిన మనిషి మాటకు విలువ ఇచ్చినకొద్దీ చూసుకునే మనిషి భారం తగ్గుతుందని మాతో మాట్లాడిన కొందరు తల్లులు అనుభవంతో చెప్పారు.

మరో చిక్కు హింస. జబ్బు ఉన్నవాళ్ళంతా కొడతారనుకోవడం అపోహ. వాళ్ళు ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. కానీ కొట్టే భర్తకు జబ్బు కూడా ఉన్నప్పుడు, 'పాపం ఆయనకు ఆరోగ్యం బాగాలేదు కదా' అని భార్యను ఊరుకోమనడం మన పెద్దమనుషులకు అలవాటు. జబ్బుకు వైద్యం, దెబ్బల నుంచి రక్షణ రెండూ ఒకేసారి కావాలి. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఆపకూడదు. 2005 గృహహింస చట్టం ఆమెకూ వర్తిస్తుంది. ఆయనకు వైద్యం ఏర్పాటు చేసి, ఆమె కొంతకాలం వేరే చోట ఉంటే అది వదిలేయడం కాదు.

మన ప్రాంతంలో దీనికి కల్లు తోడవుతుంది. తెలంగాణ జిల్లాల్లో కల్లులో డయాజిపామ్, ఆల్‌ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలపడం అందరికీ తెలిసిందే. వీటికి అలవాటు పడ్డ మనిషికి ఒక్కసారిగా అది దొరక్కపోతే వణుకు, ఫిట్స్, భ్రమలు వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం బందైనప్పుడు ఆస్పత్రులు ఇట్లాంటి మనుషులతో నిండిపోయాయి. గాలి సోకిందని కుటుంబాలు మంత్రగాళ్ళ దగ్గరకు తీసుకుపోయినవాళ్ళలో ఇలాంటివాళ్ళూ ఉంటారు. ఇది ప్రాణం మీదికి రావచ్చు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. 1990లలో సారా మీద పోరాడిన స్త్రీల వారసులం మనం. దుకాణం మూయించాలని అడిగేటప్పుడే, మానిపించే వైద్యం కూడా మండలంలో ఉండాలని అడగాలి.

ఇప్పుడున్న పరిస్థితిలో ఇంట్లో ఈ బాధ ఉన్న స్త్రీ ఎక్కడికి పోవాలి? మా సమావేశాల్లో అందరూ అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి తెలిసినంత చెబుతాం.

మాట్లాడడానికి మనిషి కావాలనుకుంటే టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బుపడిన మనిషే చేయాలని లేదు, చూసుకునేవాళ్ళు తమ దిగులు గురించి కూడా చేయవచ్చు. వైద్యానికి మొదట మన ప్రభుత్వ ఆస్పత్రిలోనే అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఏ రోజు ఎక్కడ చూస్తారో రాసి గోడకు పెట్టమనండి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అక్కడి ఆస్పత్రిలో అడగండి. ప్రతిదానికీ ఎర్రగడ్డ దాకా పోవలసిన అవసరం లేదు. పోయినప్పుడు ఒక చిన్న నోటుబుక్కు తీసుకుపోండి. నిద్ర ఎప్పుడు తగ్గింది, తిండి ఎట్లా ఉంది, ఏ మందు వేసుకుంటే ఏమైంది రాసి ఉంచండి. రాయడం రాకపోతే బడికి పోయే పిల్లతో రాయించండి. జబ్బు పేరేమిటి, మందు ఎన్నాళ్ళు వాడాలి, దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటి, మధ్యలో ముదిరితే ఎవరిని కలవాలి అని ఈ నాలుగూ అడిగి తెలుసుకోండి. జహీరాబాద్‌లో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, తండాల్లో లంబాడీ భాష మాట్లాడే స్త్రీలున్నారు. తన మనసు సంగతి తన భాషలో చెప్పుకోలేని మనిషికి సగం వైద్యమే అందుతుంది. తోడుగా భాష తెలిసిన సంఘం మనిషి పోవాలి. నయమైనట్టు కనబడగానే డాక్టరును అడగకుండా మందు ఆపకండి.

చనిపోవాలనుందని ఎవరైనా అంటే బెదిరింపు అనుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన వస్తుందన్న భయం అనవసరం. అడిగితే మనసు తేలికవుతుంది, సాయానికి దారి దొరుకుతుంది. ఇంట్లో పురుగుమందులు ఉంచకండి, ఉంచక తప్పకపోతే తాళం వేసి తాళంచెవి ఇంకో ఇంట్లో ఇవ్వండి. ఆ ఒక్క పనే ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసు అవుతుందని దాచకండి. 2017 చట్టం 115వ సెక్షన్ అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ప్రభుత్వం వైద్యం అందించాలనీ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు.

డబ్బు సంగతి కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. నలభై శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధృవపత్రం ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. కాలు లేని మనిషికి ఇచ్చినంత సులభంగా మనసు బాగాలేని మనిషికి ధృవపత్రం ఇవ్వరు. పోరాడి తీసుకోవాలి. న్యాయ సహాయం కోసం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత లాయరు దొరుకుతారు. మండల న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఇంట్లో హింస ఉంటే 181.

ఇవన్నీ చెప్పాక మన సంఘాల గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. స్త్రీ శక్తి సంఘటన 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మన శరీరాల గురించి మనం సిగ్గుపడకుండా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. మనసుల విషయంలో అంత దూరం రాలేదు. హైదరాబాద్‌లో అన్వేషిలో పనిచేసిన భార్గవి దావర్ భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం గురించి 1999లో స్త్రీవాద దృష్టితో పుస్తకం రాశారు. మానసిక ఆస్పత్రుల పాలైన తల్లికి బిడ్డగా ఆమె ఆ అనుభవాన్ని దగ్గరగా చూసినవారు. 2024లో చనిపోయేదాకా మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ మాట వాళ్ళే మాట్లాడాలని పట్టుబట్టారు. అయినా మన కౌన్సెలింగ్ కేంద్రాలకు ఇట్లాంటి కేసు వస్తే, ఇది మెడికల్ కేసు అని చీటీ రాసి పంపేస్తున్నాం. లేదా ఆమెను ఇంకొంచెం ఓపిక పట్టమంటున్నాం. అత్తగారు చెప్పే మాటకూ మన మాటకూ తేడా లేకుండా పోతోంది.

జహీరాబాద్ ప్రాంతానికి ఇట్లాంటి పని కొత్తది కాదు. ఇక్కడ పస్తాపూర్ చుట్టుపక్కల దళిత స్త్రీలు సంఘాలుగా కూడి, పోయిన విత్తనాల కోసం ఇల్లిల్లూ తిరిగి, కొర్ర, సామ, జొన్నలను తిరిగి చేలల్లోకి తెచ్చుకున్నారు. 2008 అక్టోబరులో మాచునూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. నిపుణులు తమ కోసం చేస్తారని వాళ్ళు కూర్చోలేదు. ఒకరింట్లో విత్తనం లేకపోతే ఇంకొకరు ఇచ్చి, పంట వచ్చాక తిరిగి తీసుకున్నారు. అదే పద్ధతిలో, వారంలో ఒక మధ్యాహ్నం ఒక స్త్రీ ఇంకొకరింట్లో ఆ మనిషి దగ్గర కూర్చుంటే, ఆ ఇంటి తల్లి పడుకోగలుగుతుంది, లేదా కూలికి పోగలుగుతుంది, లేదా ఊరికే బయటికి పోయి రాగలుగుతుంది. దీనికి ఏ ప్రాజెక్టూ అక్కర్లేదు. అయితే ఇది ప్రభుత్వం చేయవలసిన పనికి బదులు కాకూడదు. స్త్రీల ఉచిత సేవ మీద ఇంకొంత ఉచిత సేవ కలిపి చేతులు దులుపుకోవడానికి ఎవరికీ అవకాశం ఇవ్వకూడదు.

అందుకే మన కోరికలు స్పష్టంగా ఉండాలి. జహీరాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలో వారంలో నిర్ణీత రోజున మానసిక వైద్యులు ఉండాలి, మందులు నెల మధ్యలో అయిపోకూడదు. రోగితో తోడుగా వచ్చే మనిషికి పోయిన కూలికి పరిహారం కావాలి. చూసుకునేవాళ్ళు కొన్ని రోజులు ఊపిరి తీసుకోవడానికి జబ్బుపడిన మనిషిని గౌరవంగా ఉంచుకునే వసతి జిల్లాలో ఒకటైనా ఉండాలి. ఆశ, అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ ఇస్తే, ఆ పనికి వేతనం కూడా ఇవ్వాలి, ఎందుకంటే వాళ్ళూ స్త్రీలే. జబ్బు పడి కోలుకున్నవాళ్ళు ఈ విషయాలు నిర్ణయించే ప్రతి కమిటీలో ఉండాలి. చట్టం వచ్చి ఇన్నేళ్ళయ్యాక ఇవి పెద్ద కోరికలేమీ కావు.

ఈ సంచిక మీ చేతికి అందిన తర్వాత జరిగే మొదటి సంఘం సమావేశంలో ఒక పని చేయండి. చాపలు చుట్టేదాకా ఆగకుండా, సమావేశం మొదట్లోనే, అందరి ముందు ఈ ప్రశ్న అడగండి. ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నావా అక్కా, రాత్రి నిద్ర పడుతోందా, నీ సంగతేమిటి? జవాబు వెంటనే రాకపోవచ్చు. రెండోసారి కూడా అడగండి. విన్నది మాకు రాయండి, పేర్లు లేకుండా వచ్చే సంచికలో వేస్తాం.